చప్పుడు పట్టేవాడు

మోకాళ్లు గదవకు తగులుతున్నాయి, నడుం కింద జాకీ పెట్టె అంచు ఒత్తుతోంది, కుడిచెవి ప్లాస్టిక్ పలకకు అతుక్కుపోయింది, పైన వంపు తిరిగిన పెద్ద అద్దం, అద్దం మీద ఏప్రిల్ నెల సూరత్ ఎండ. సేటు కొడుకు ధ్రువిల్ బండి డిక్కీలో ముడుచుకుని పడుకుని పరుశురాం చప్పుడు వింటున్నాడు. ఇంజను ఊళ ఒకటి, టైర్ల రొద ఒకటి, గాలి చీలే చప్పుడు ఒకటి, వాటన్నిటినీ పక్కకు నెట్టి ఆ దొంగదాని కోసం, ఒక్కసారి టిక్కుమని నాలుక కరుచుకున్నట్టు ఊరుకునేదాని కోసం వింటున్నాడు. దొరకదు. హైవే నున్నగా ఉంది, నున్నటి రోడ్డు మీద ఏ దొంగా దొరకడు. రెండే సీట్ల బండి, నేలకు జానెడెత్తు, నిమ్మపండు రంగు, ముంబైలో ఎవడో మోజు తీరి అమ్మేస్తే ధ్రువిల్ తెచ్చుకున్నాడు, తెచ్చుకున్న మర్నాటి నుంచీ అతనికి నిద్ర లేదట. ఊళ్లో జనానికి ఊపిరి లేదు, ఇతనికి నిద్ర లేదు, వెనక ఏదో టిక్కుమంటోందని. ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు చూశారు, పలకలు విప్పారు, బిగించారు, టిక్కు అలాగే ఉంది. అప్పుడు గుర్తొచ్చాడు పరుశురాం, నాన్న ఖాతాలో, ఆ మరమగ్గాల షెడ్డులో, సాంచాలు రిపేరు చేసే మాస్టరు, వంద సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే నడుమ ఏది నలతగా ఉందో కళ్లు మూసుకుని చూపించేవాడు. పిలిచాడు. పిలవగానే వచ్చాడు వీడు. అదీ సిగ్గు. రమ్మని కొట్టి తీసుకురాలేదు, ముద్దుగా పిలిస్తే తోక ఊపుకుంటూ వచ్చాడు.

"మిలా క్యా, మాస్టర్?" ముందునుంచి ధ్రువిల్ గొంతు, దొరికిందా అని.

"నై మిలా సేట్. జర ధీరే చలావ్."

చప్పుడు పట్టడం అందరూ చెవి పని అనుకుంటారు. చెవిది కాదు. "బొక్కతోటి ఇనాలె రా," అనేవాడు బ్రహ్మచారి, పని నేర్పిన గురువు, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన సాంచాకు ఆనించి పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, పెదాల మధ్య బీడీ, కళ్లు మూత. అప్పటికే సగం చెవుడు ఆయనకు, జీతం ఏమిచ్చినా ఇవ్వకపోయినా సాంచాలు చెవుడు మాత్రం అందరికీ సమానంగా ఇస్తాయి. "చెవి మోసం జేస్తది, బొక్క చెయ్యది." గతేడాది లాక్‌డౌన్‌లో సొంతూరికి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. గతేడాది, సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయినప్పుడు, వాళ్లంతా ఉండే భేస్తాన్‌లో ఎవరికీ నిద్ర పట్టలేదు, పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చారు, పుట్టినప్పట్నుంచీ ఆ దడదడ లోనే పడుకున్న పిల్లలు, ఆ దడదడ ఆగితే తల్లి గుండె ఆగినట్టు భయపడ్డారు. రేకుల గదిలో భార్య వినోద, తను, బియ్యం డబ్బా అడుగున గరిటె గీరిన చప్పుడు. ఆ గరిటె చప్పుడు ఏ వీధి ఏ గదిలోంచి వస్తోందో అప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలిగేవాడు. సేటు ఫోను ఎత్తలేదు అప్పుడు. ఇప్పుడు సేటు కొడుకు ఫోను చేస్తే ఒక్క రింగుకే ఎత్తాడు వీడు.

పొద్దున జోల్వాలో, సేటుకున్న రెండో ఖాతా ముందు, ధ్రువిల్ తలుపు తీసి పట్టుకున్నాడు. తనకోసం. తోలు సీటు, మెత్తగా, పెళ్లినాడు కూడా అంత మెత్తగా కూర్చోలేదు. చల్లటి నీళ్ల సీసా ఇచ్చాడు. "ఆప్ కే కాన్ సోనేకే హై, మాస్టర్," అన్నాడు, మీ చెవులు బంగారమన్నాడు, ఆప్ అన్నాడు, పాతికేళ్ల పోరడు, వాళ్ల నాన్న ఇన్నేళ్లలో ఏనాడూ తూ దాటి పిలవనివాణ్ణి ఆప్ అన్నాడు. ఛాతీలో ఏదో వెచ్చగా పొంగింది. ఇప్పుడు డిక్కీలో ముడుచుకుని ఆ వెచ్చదనం తలుచుకోబుద్ధి కావడం లేదు గానీ అప్పుడు పొంగింది, అబద్ధం ఎందుకు, పొంగింది. సీటు బెల్టు కొక్కెం పక్కనున్న ప్లాస్టిక్‌కు కొట్టుకుంటోందని ఖాతా గేటు దాటకముందే పట్టేశాడు, జేబులోంచి చిందీ తీశాడు, చీరల అంచులు కోయగా మిగిలే పీలికలు, వాటిని కొక్కేనికి చుట్టాడు, ఆ చప్పుడు చచ్చింది. డిక్కీ తలుపు రబ్బరు ఎండి కిర్రుమంటోందని పల్సాణా రాకముందే పట్టాడు, రబ్బరు పొడుగునా వేలితో గ్రీజు రాశాడు, అదీ చచ్చింది. ధ్రువిల్ స్టీరింగు మీద చప్పట్లు కొట్టాడు. మూడోది మిగిలింది. ఈ మూడోది వెనక ఎక్కడో ఉంది సేట్, నేను డిక్కీలో పండుకుంట, మీరు తోలుండ్రి. తనే అన్నాడు. ఎవరూ పండుకోమనలేదు.

ఈపాటికి భేస్తాన్‌లో ఖాతా గేటు ముందు జనం చేరి ఉంటారు. మధ్యాహ్నం బువ్వ వేళ అని రాజలింగం చెప్పాడు. రాజలింగం గొంతు పెద్దది, చదువు తక్కువ, భయం అసలే లేదు, నలుగురినీ కూడగట్టేవాడు ఆ ఖాతాలో వాడొక్కడే. "నువ్వొక్క మాట జెప్పాలె పరుశురాం. సాంచా ఖరాబున్నదా లేదా, గంతే. మాస్టర్‌వి నువ్వు. నీ మాట సేటు గుడ కాదనలేడు." సాంచా నడిపే సాంబయ్యను పనిలోంచి తీసేశారు. పనిలో నిద్రపోయాడు, అందుకే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి కంట్లో కొట్టింది, తప్పు వాడిదే, ఖాతా బాధ్యత లేదు, ఇదీ పెద్దసేటు మాట. ఒక్క కన్ను మిగిలినవాడికి, పైగా సాంచా ముందు కునుకు తీస్తాడన్న పేరు మోసేవాడికి, ఈ ఊళ్లో ఏ ఖాతాలో పని దొరుకుతుంది? అందుకే ఆ ఒక్క మాట కావాలి. సాంచా చెడిపోయి ఉంది అన్న ఒక్క మాట. చెప్పగలిగినవాడు ఒక్కడే, వాడు నిమ్మపండు రంగు బండిలో ముడుచుకుని పడుకున్నాడు.

"అన్నా, పెయ్యంత కాలుతున్నది, దగ్గు గుడ ఉన్నది," అన్నాడు మొన్న రాజలింగంతో ఫోన్లో, ఒకసారి దగ్గాడు కూడా. మామూలు ఏడాదైతే జ్వరమంటే నలుగురొచ్చి మంచం చుట్టూ కూర్చునేవాళ్లు, ఈ ఏడాది జ్వరం ఒక గోడ, ఆ మాట అంటే చాలు ఎవడూ గడప దగ్గరికి రాడు, అది తెలిసే అన్నాడు. తెలివి! రాజలింగం, "పైలం తమ్మీ, ఊపిరి ఆడకుంటె ఫోన్ చెయ్, ఎట్లనన్న దవాఖానకు తోల్కపోత," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం నుంచి గడప దగ్గర ఎవరో ఒకరు ఏదో ఒకటి పెట్టి పోతున్నారు, ఒకరు అల్లం, ఒకరు గంజి, గిన్నె కింద పెట్టి దూరం నుంచి వినోదను కేకేసి పోతున్నారు. ఆ గంజి తాగాడు. చెమట పట్టేట్టు తాగాడు. నల్లా దగ్గర కనకవ్వ, "నువ్వాగు వినోదా, మేమందరం పట్టినంక పట్టుకో," అందట. అందరూ పట్టుకున్నాక నల్లా ఆగిపోయింది. సగం బకెట్ తెచ్చి దడాలున దించి వినోద అంది, "జెరం నీకు, పథ్యం నాకు. మంచిగున్నది." ఆమెకు అంతా తెలుసని కాదు, జ్వరం లేదని తెలుసు, సేటు కొడుకు పిలిచాడని తెలుసు, గేటు కాడికి పోవడం ఇష్టం లేదని తెలుసు, ఎందుకు ఇష్టం లేదో అడగలేదు. ఊరినుంచి తల్లి బుచ్చవ్వ ఫోను చేస్తే ఆమెకూ అదే చెప్పాల్సి వచ్చింది, పక్కింట్లో వినిపిస్తుందని. తర్వాత మళ్లీ మెల్లగా చెప్పాడు, ఉత్తదేనే అవ్వా, ఊకెనే అన్న. బీడీలు చుట్టే చేతులాగిన చప్పుడు ఫోన్లో తెలిసింది. "లేని జెరాన్ని పేరు వెట్టి పిలువకు కొడుకా. ఇనవడ్తది దానికి."

వినబడుతుంది. దేనికి వినబడదు? సాంబయ్య సాంచా చప్పుడు తనకు వినబడింది. దడదడల మధ్య, నాడె ఇటు నుంచి అటు పోయే ప్రతి దెబ్బ వెనకా, ఒక చిన్న కిర్రు. పక్కన నడుచుకుంటూ పోతుంటే కాలు దానంతటదే ఆగింది. స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు, ఎముకతో విన్నాడు, నాడెను కొట్టే కర్ర బిగింపు వదులైంది, పెట్టె అంచు అరిగింది, ఈవేళో రేపో నాడె దారి తప్పుతుంది, ఇనుప ముక్కున్న కట్టె ముక్క, తుపాకీ గుండు లాగా వస్తుంది. వెళ్లి పెద్దసేటుకు చెప్పాడు. చెప్పాడు, అది నిజం. "ఆర్డర్ జానే దో, ఫిర్ దేఖేంగే. చల్నే దో." సరుకు పోనీ, తర్వాత చూద్దాం, నడవనీ. జీ సేట్ అన్నాడు. జీ సేట్ అని వెనక్కి వచ్చి, సాంబయ్య పక్క నుంచే నడిచిపోయాడు. లాక్‌డౌన్‌కు పోయినవాళ్లు సగం మంది తిరిగి రాలేదు, ఉన్నవాళ్లు ఒక్కొక్కరు ఇద్దరి సాంచాలు చూస్తున్నారు, సాంబయ్య ఆ చివర్నుంచి ఈ చివరకు పరిగెత్తుతూ తనను చూసి నవ్వాడు కూడా, "ఏంది మాస్టర్, నా సాంచాకు దిష్టి వెడ్తున్నవ్?" పిడి కిందికి లాగితే ఆగుతుంది సాంచా. ఒక్క చెయ్యి చాలు. ఆడపిల్ల కూడా లాగగలదు. లాగలేదు. దిష్టి పెట్టి వెళ్లిపోయాడు.

పని పోతుందన్న భయం అని తనకు తాను చెప్పుకున్నాడు ఇన్నాళ్లూ. సేటుకు ఎదురు చెబితే రేపట్నుంచి ఏ ఖాతా గేటూ తెరవదు, ఇల్లు గడవదు, అందరికీ ఉండే భయమే, ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఉన్నదే ఆ భయం. కానీ దాని కింద ఇంకొకటుంది, అది టిక్కుమంటోంది, అది పలక వెనకాల దాక్కుంది. గేటు ముందు నిలబడి సాంచా ఖరాబున్నది అంటే, మరి నీకెప్పుడు తెలిసింది అని అడుగుతారు. ఎవరూ అడగకపోయినా సాంబయ్య అడుగుతాడు. ఆమధ్య దవాఖానలో సాంబయ్య మంచం పక్కన కూర్చున్నాడు తను, ఎడమకంటి మీద దూది కట్టు, ఆ మనిషి గొంతు తగ్గించి, దొంగలాగా, "నాకే కండ్లు మూతవడ్డయేమో మాస్టర్. యాదికొస్తలేదు. మస్తు అలిసిపోయిన ఆ దినం. నాదే తప్పేమో," అన్నాడు. అప్పుడు, అప్పుడు ఈ నోటితో, ఈ గంజి తాగిన నోటితో, అన్నాడు వీడు: "అయ్యుండొచ్చు తియ్ అన్నా. గదంత ఇప్పుడెందుకు." అయ్యుండొచ్చట. కన్ను పోయినవాడికి తప్పు కూడా చేతిలో పెట్టి వచ్చాడు, పండ్లు పెట్టినట్టు.

"మాస్టర్, సో గయే క్యా?" నిద్రపోయారా అని ధ్రువిల్ నవ్వుతున్నాడు.

"నై సేట్. రోడ్డు మంచిగున్నది, ఆవాజ్ వస్తలేదు. గుంతల రోడ్డు గావాలె. ఖడ్డే వాలా."

"కహాఁ మిలేగా?"

"మా భేస్తాన్ గల్లీ ఉన్నది గద సేట్, ఖాడీ పక్కపొంటి. గంత ఖరాబ్ రోడ్డు సూరత్ల ఇంకోటి లేదు."

నోరు మూసుకుందామనుకునే లోపే బయటపడింది. పనిలో ఉన్నవాడి నోరు పని మాటే అంటుంది, ఆ మాట తనను ఎక్కడికి తీసుకుపోతుందో చూసుకోదు. వాన కురిస్తే మోకాలి లోతు, ఎండ కాస్తే గుంతలు, సైకిల్ మీద పోతే పళ్లు కదిలే ఆ వీధి, బాగు చేయమని ఎన్ని అర్జీలు పెట్టినా ఎవడూ కన్నెత్తి చూడని ఆ వీధి, సేటు కొడుకు బండిలో టిక్కు పట్టడానికి పనికొస్తుందని తనే గొప్పగా చెప్పాడు. ధ్రువిల్ అప్పటికే బండిని సచిన్ ఊరి వైపు తిప్పేశాడు. వద్దు సేట్ అందామనుకున్నాడు. ఎందుకు వద్దో చెప్పాలి. తర్వాత అనుకున్నాడు, ఫర్వాలేదు, ఈ వేళకు అందరూ గేటు కాడ ఉంటారు, వీధిలో ముసలివాళ్లు తప్ప ఎవరుండరు, ఖాడీ వైపు నుంచి దూరి మెయిన్ రోడ్డు మీదికి పోతే రెండు నిమిషాలు, అద్దంలోంచి తల కనపడకుండా ముడుచుకుంటే సరి. దొంగ లెక్కలు వేసుకునేవాడికి లెక్క ఎప్పుడూ కుదురుతుంది.

ఖాడీ మురికికాలువ కంపు ముందు వచ్చింది, తర్వాత మొదటి గుంత. బండి దభీమని కూలబడి లేచింది, తల అద్దానికి తగిలింది, టిక్కు! రెండో గుంత. టిక్కు టిక్కు! ఎడమపక్క, పలక వెనక, చక్రం మీద వంపు దగ్గర. పలక మీద అరచెయ్యి నొక్కాడు, ఆగింది. తీశాడు, మొదలైంది. మళ్లీ నొక్కాడు, ఆగింది. గోళ్లు దూర్చి పలక అంచు లేపి వేళ్లు లోపలికి పోనిచ్చాడు. వైర్లు, వైర్ల చివర వేలెడంత ప్లాస్టిక్ బిళ్ల, దాన్ని పట్టి ఉంచే క్లిప్పు విరిగిపోయింది, బిళ్ల ఊగి రేకుకు కొట్టుకుంటోంది. ఇంతే. ఇంత చిన్నదానికా. చిందీ చుట్టాడు, ముడి వేశాడు, మూడో గుంత, నాలుగో గుంత, నిశ్శబ్దం. ఒళ్లంతా తేలికైంది, పట్టేశా అని కేక వేయబోయాడు, ఆ ఒక్క క్షణం సాంబయ్య లేడు, జ్వరం లేదు, రాజలింగం లేడు, చప్పుడు ఉంది, దాన్ని చంపినవాడు ఉన్నాడు, అంతే, ఆ సంతోషంతో తల ఎత్తాడు. అద్దం అవతల తన గది తలుపు. గడప మీద కూర్చుని బియ్యం ఏరుతూ వినోద. కళ్లు కలిశాయి. సిగ్గుతో కళ్లు గట్టిగా మూసుకుని వెల్లకిలా పడిపోయాడు, తను చూడకపోతే తనను ఎవరూ చూడరన్నట్టు.

అదే కొంప ముంచింది. తప్పు కళ్లదే కాదు, పడిపోయిన తీరుది. అద్దం కింద కదలకుండా, కళ్లు మూసుకుని, చేతులు ఛాతీ మీద. ఈ ఏడాది అలా పడుకున్న మనుషుల్ని భేస్తాన్ రోజూ చూస్తోంది. చేట జారిపడిన చప్పుడు, గాజుల చప్పుడు, చెప్పుల్లేని కాళ్ల చప్పుడు బండి వెనకాల. "అయ్యో! ఏమైందయ్యా నీకూ! ఓ సేటూ, ఆపుండ్రి!" ఆ గొంతు పచ్చి నిజం. పొద్దున మంచిగా వెళ్లిన మనిషి డిక్కీలో ఇట్లా తిరిగొస్తే ఏ ఆడమనిషి మాత్రం ఏమనుకుంటుంది? బండి ముందుకు పోయింది, మలుపు తిరిగింది, ఆగిపోయింది.

కళ్లు తెరవకముందే తెలిసింది. వంద మంది ఊపిరి పీల్చే చప్పుడు. గేటు దగ్గర గుంపు కూడొద్దని పోలీసులు తరిమితే రాజలింగం అందర్నీ ఈ వీధి మొదట్లోకి తెచ్చాడు, రుమాళ్లు మూతులకు కట్టుకుని, ఎర్రజెండాలు చంకన పెట్టుకుని, మెయిన్ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారంతా. దారి లేదు. పరుశురాం కళ్లు సందుచేసి చూశాడు, అద్దం నిండా తలకిందులుగా మొఖాలు.

"మాస్టర్! మన పరుశురాం మాస్టర్!"

"గింతల గింత ముదిరిందా?"

"జరుగుండ్రి, దగ్గరికి పోకుండ్రి!"

"సేటే తోల్కపోతున్నడు చూసినవా? అంబులెన్సు దొరుకుతలేదు, తన కార్ల ఏసుకున్నడు!"

వినోద రొప్పుతూ వచ్చి అద్దం మీద వాలింది. తను కళ్లు పూర్తిగా తెరిచి చూశాడు ఆమెను, ఏమీ కాలేదే అన్నట్టు. ఆమె చూసింది. చెమట లేదు, మూలుగు లేదు, చేతికి గ్రీజు. ఆమె మొఖంలో భయం దిగిపోయింది, దిగిపోయిన చోట ఇంకేదో వచ్చింది, చుట్టూ వందమంది ఉన్నారు, ఆమె వాళ్లను చూసింది, తనను చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఇందాకటి ఏడుపు వేరు, ఇది వేరు. తేడా ఆ గుంపులో ఒక్క చెవికే తెలుసు. జీవితంలో దొంగ ఏడుపు ఏడవని మనిషి, వీడి జ్వరాన్ని నిలబెట్టడానికి వీధి మధ్యన ఏడుస్తోంది.

ధ్రువిల్‌కు మొదట ఏమీ అర్థం కాలేదు. రాజలింగం కిటికీ దగ్గరికొచ్చి దండం పెట్టేసరికి అర్థమైంది. "సేట్, ఏమో అనుకున్నం గని, పెద్ద మనసు మీది. హాస్పిటల్ లేజా రహే హో నా?" "హాఁ హాఁ. హాస్పిటల్." అని చెప్పి ధ్రువిల్ మెడ తిప్పి, నవ్వును మాస్కు కింద దాచుకుని, మెల్లగా, "సో జా మాస్టర్, సో జా," అన్నాడు. పడుకో అట, ఆప్ పోయింది. రాజలింగం జనం వైపు తిరిగాడు. "లేవుండ్రి, దారియ్యిండ్రి. ఇయ్యాల నారాలు బంద్. మన మనిషిని సేటు కొడుకు తన కార్ల ఏసుకొని దవాఖానకు ఉరుకుతుంటె మనం గేటు ముంగట ముర్దాబాద్ అంటె మంచిగుంటదా? మాస్టర్ లేవనియ్యి. మాస్టర్ లేచినంకనే మాట్లాడుదాం." జనం లేచారు. జెండాలు ముడుచుకున్నాయి. ఎవరూ గొణగలేదు. పోలీసు లాఠీ చేయలేని పని, పెద్దసేటు బెదిరింపు చేయలేని పని, లేని జ్వరం చేసింది. తను మాట చెప్పకుండా తప్పించుకున్నాడు అనుకున్నాడు ఇంతసేపూ. తప్పించుకోవడం కాదు, అడ్డంగా పడుకున్నాడు, అందరి దారికి అడ్డంగా.

"జర డిక్కీ తెర్వుండ్రి సేట్, గాలాడక సస్తడు," రాజలింగమే అన్నాడు. ఏదో మీట నొక్కిన చప్పుడు, అద్దం మెల్లగా పైకి లేచింది. లేస్తుంటే జనం వెనక్కి వెనక్కి జరిగారు, చేతులు అడ్డం పెట్టుకుంటూ, కనకవ్వ పిల్లల్ని లాక్కుంటూ. ఖాళీ చోటు గుండ్రంగా ఏర్పడింది. ఆ ఖాళీలోకి ఒక్క మనిషి నడిచి వచ్చాడు. ఎడమకంటి మీద కట్టు, ఒకే కన్నుతో గుంతల లోతు సరిగా అంచనా దొరక్క పాదం తడుముకుంటూ వేసే నడక. "సాంబన్నా, పోకు," ఎవరో అరిచారు. సాంబయ్య వినలేదు. వంగి పరుశురాం నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు.

చెయ్యి వేడిగా ఉంది. నుదురు చల్లగా ఉంది. ఇంతసేపూ తగిలిన ఏసీ గాలికి, చల్లగా, హాయిగా ఉంది. ఆ చెయ్యి అలాగే ఉంది కాసేపు. ఆ చేతికి తెలిసిపోయింది, తెలిసిపోవడం చర్మం కింద ఎముకకు వినబడింది. ఒక్క కన్ను తన రెండు కళ్లలోకి చూసింది. అడగలేదు. జాలో, అలవాటో, వాడి కర్మో, సాంబయ్య తల పైకెత్తి అందరికీ వినబడేట్టు అన్నాడు, "పెయ్యి నిప్పోలె కాలుతున్నది. జల్ది తీస్కపోండ్రి."

చెయ్యి తీయబోయాడు. పరుశురాం ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుందామని అనుకోలేదు, పట్టుకున్నాక చూసుకున్నాడు. గ్రీజు అంటింది సాంబయ్య మణికట్టుకు. అద్దం దిగడం మొదలైంది, ధ్రువిల్ మీట నొక్కేశాడు, దిగుతున్న అద్దానికి మోచెయ్యి అడ్డం పెట్టాడు, అది మోచేతి మీద ఆగింది. కాళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి, ఒకటి బయట పెట్టాడు, తిమ్మిరెక్కి అది నేలమీద నిలవలేదు, బండికి ఒరిగి, సాంబయ్య చెయ్యి వదలకుండా లేచి నిలబడ్డాడు.

"జెరం లేదు నాకు."

ఎవరికీ వినబడలేదు. మాస్కు కిందికి లాగి మళ్లీ అన్నాడు. "జెరం లేదు. ఉత్తదే అన్న."

వినోద ఏడుపు ఆగింది. అది ఆగిన చప్పుడు అన్నిటికంటే పెద్దగా వినబడింది. రాజలింగం చూస్తున్నాడు, నోరు తెరుచుకుని, అర్థం కాని మొఖంతో. "మరి అండ్ల ఎందుకు పండినవ్ రా?"

"కార్ల ఏదో సప్పుడొస్తున్నదంటె, ఇనెటందుకు."

ఎవడో వెనక నవ్వాడు, నవ్వు కాదది, ఉమ్మి. కనకవ్వ, "నల్లా కాడ నీ పెండ్లాన్ని నిలవెట్టిన కదరా నేను," అని నెత్తి కొట్టుకుంది. ధ్రువిల్ తలుపు తీసి, "మాస్టర్, చలో, బైఠో," అన్నాడు, గొంతులో నాన్న వచ్చేశాడు. పరుశురాం అటు చూడలేదు. ఎటూ చూడలేదు. నేలనూ, గుంతనూ, గుంతలో నూనె రంగుల నీళ్లనూ చూస్తూ, అందరికీ కాదు, పక్కనున్న ఒక్కడికి చెప్పాడు.

"నువ్వు నిద్రవోలేదు సాంబన్నా. కర్ర బిగింపు వదులైంది. నాడె ఎగురుతదని నాకు తెలుసు. నేను ముందే ఇన్న. సేటుకు జెప్పిన, నడ్వనియ్యి అన్నడు. నీ పక్కపొంటే పోయిన. సాంచా ఆపలేదు."

"నేను నిద్రవోలేదా?" అన్నాడు సాంబయ్య, చిన్నపిల్లవాడు అడిగినట్టు.

"పోలేదు."

"దవాఖానల అడిగిన గదరా నిన్ను."

"అడిగినవ్."

సాంబయ్య తన చేతిని చూసుకున్నాడు. పరుశురాం వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు, కోపంగా కాదు, చిక్కుపడ్డ పోగులు విప్పినంత ఓపికగా, ఆఖరి వేలు కూడా విప్పి, తన చెయ్యి తను తీసుకుని, గుంపు వైపు తిరిగి గట్టిగా, ఇన్నాళ్లూ ఎవరూ వినని గొంతుతో అన్నాడు. "ఇన్నరా? నేను నిద్రవోలేదు. నడువుండ్రి గేటు కాడికి." తర్వాత వెనక్కి తిరక్కుండా, పరుశురాంను పేరు పెట్టి కాదు, మాస్టర్ అని కాదు, "వాణ్ణి గుడ తీస్కరాండ్రి," అన్నాడు.